తోడు క్లియర్

మంగళవారం ఉదయం పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు సబ్‌స్టేషన్ నుంచి మూడో నంబరు ఫీడర్‌కు కరెంటు ఇచ్చారు. ఆ సమయంలో ఆ లైను మీద, పాల డిపో వెనకున్న స్తంభం పైన, ఒక లైన్‌మన్ పనిచేస్తున్నాడు. వయసు ముప్పై ఎనిమిది. డిపో వాచ్‌మన్ చూస్తుండగానే అతను నడుముకు కట్టుకున్న బెల్టుకు వేలాడాడు. కిందికి దించడానికి నలభై నిమిషాలు పట్టింది.

కరెంటు ఇచ్చిన చెయ్యి ఆపరేటరమ్మది.

ఆమెది ఉదయం షిఫ్టు. ఆరు నుంచి రెండు దాకా. కంట్రోల్ రూములో ఒక బల్ల, రెండు కుర్చీలు, టెలిఫోను, గోడ వారగా బీరువాల్లా నిలబెట్టిన ఆరు ప్యానెళ్లు. ఒక్కో ప్యానెలూ ఒక్కో ఫీడర్‌ది. దాని మీద ఒక మీటరు, రెండు దీపాలు, పిడికిట్లో పట్టేంత నల్ల పిడి. పిడి కుడికి తిప్పితే ఎర్ర దీపం వెలుగుతుంది, లైన్లో కరెంటు ఉన్నట్టు. ఎడమకు తిప్పితే పచ్చ దీపం, లేనట్టు.

లైను మీద పని ఉన్నవాడు ముందు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడగాలి. ఆపరేటరు పిడి ఎడమకు తిప్పి, యార్డులోకి వెళ్లి స్విచ్చు విడదీసి తాళం వేసి, తిరిగొచ్చి పిడికి ‘మనుషులు పనిలో ఉన్నారు’ అనే ఎర్ర అట్ట తగిలించాలి. రిజిస్టరులో నంబరు వేసి ఆ నంబరు చెప్పాలి. అవతలి మనిషి దాన్ని తిరిగి అప్పజెప్పాలి. పని అయ్యాక అదే మనిషి అదే నంబరు చెప్పి లైన్ క్లియర్ తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా మంత్రి ఫోన్ చేసినా పిడి మీద చెయ్యి వేయకూడదు. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి.

పుస్తకంలో లేని పద్ధతి ఇంకొకటి ఉంది. ప్రతి నంబరునూ నెలాఖరు రిపోర్టులో ఒక అంతరాయంగా లెక్కేస్తారు. అంతరాయాలు ఎక్కువైతే ఇంజనీరు గారికి పైనుంచి మెమో వస్తుంది. అందుకని ఫీడర్ ఒకసారి ఆగితే ఒక్కటే నంబరు వేయమని ఆయన నోటిమాటగా చెప్పాడు. ఆ మధ్యలో అదే ఫీడర్ మీద ఇంకొకరికి పని పడితే, వాళ్లు మొదటి నంబరుకి ‘తోడు’ వెళ్తారు. తోడు వెళ్లినవాడి పేరు రిజిస్టరుకి ఎక్కదు. గుర్తుకోసం పిడికి ఒక రబ్బరు బ్యాండు చుడతారు. ఒక మనిషికి ఒక బ్యాండు. అతను ఫోన్ చేసి “దిగాను” అంటే బ్యాండు తీసేస్తారు. పిడికి బ్యాండు లేదంటే లైను మీద మనిషి లేనట్టే. కరెంటు బిల్లుల కట్టలకు వచ్చే బ్యాండ్లు సొరుగులో ఎప్పుడూ ఓ గుప్పెడు ఉంటాయి. ఈ పద్ధతి ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలీదు. ఆపరేటరమ్మ ఉద్యోగంలో చేరేనాటికే ఉంది.

ఆ మంగళవారం తొమ్మిదీ ఇరవైకి మార్కెట్ వెనకనుంచి లైన్‌మన్ల మేస్త్రి ఫోన్ చేసి మూడో ఫీడర్ మీద లైన్ క్లియర్ తీసుకున్నాడు. నూట పద్నాలుగో నంబరు. తొమ్మిదీ యాభైకి ఇంకో ఫోను.

“అక్కా, నిచ్చెనని. మూడో నంబరు ఆపారంటగా?”

మనిషి ఆరడుగుల పైమాటే. సెక్షన్లో అందరూ నిచ్చెన అనే పిలిచేవాళ్లు.

“ఆపాం. మేస్త్రి ఉన్నాడు.”

“పాల డిపో దగ్గర జంపరు తీగ వదులైందక్కా. రెండు వారాలుగా నిప్పులు రాలుస్తోంది. పన్లో పని అదీ చూసేస్తా. తోడు పెట్టు.”

“ఎర్త్ రాడ్లున్నాయా?” అవి లైనుకి తగిలించి ఉంటే పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోతుంది.

“మేస్త్రి పట్టుకుపోయాడు. సెక్షనంతటికీ ఉన్నది ఒక్క జతేగా.”

“మరెట్లా?”

“నువ్వున్నావుగా.”

అతని వెనక ఒక ఆడగొంతు వినిపించింది. “ఫోన్లో పడి క్యారేజీ మర్చిపోకు. సైకిలుకి తగిలించా.” అతను “సరే సరే” అని, ఫోన్లోకి “అరగంటలో ఎక్కుతా, గంటలో దిగుతా” అని పెట్టేశాడు. ఆపరేటరమ్మ సొరుగు లాగి, చేతికందిన బ్యాండు తీసి, పిడికి రెండు చుట్లు వేసింది.

ఆ తర్వాత గంటన్నరలో పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. ఐస్ ఫ్యాక్టరీ వాళ్లవి మూడు, నర్సింగ్ హోమ్ వాళ్లవి రెండు, ఇంజనీరు గారివి నాలుగు. పదకొండు పదహారుకి మేస్త్రి చేశాడు.

“చెల్లెమ్మా, నూట పద్నాలుగు. మనుషులు దిగారు, సామాన్లు దించాం, ఎర్తులు తీశాం. లైన్ క్లియర్ తిరిగి ఇస్తున్నా.”

ఆమె నంబరు తిరిగి చెప్పింది. సమయం రాసింది. తోడు వెళ్లిన సంగతి మేస్త్రికి తెలీదు. చెప్పాలన్న పద్ధతీ లేదు, బ్యాండు ఉంటుంది కాబట్టి. ఎర్ర అట్ట తీసింది. యార్డులోకి వెళ్లి తాళం తీసి స్విచ్చు కలిపింది. లోపలికొచ్చి పిడి వంక చూసింది. ఏమీ లేదు. కుడికి తిప్పింది.

ఎర్ర దీపం వెలిగింది. మీటరు ముల్లు చివరికంటా లేచి పడిపోయింది. గంట మోగింది. పచ్చ దీపం.

లైను అలా దానంతటదే ఆగిపోతే, కొమ్మో పక్షో తగిలి ఉంటుందని ఒక నిమిషం ఆగి మళ్లీ వేసి చూస్తారు. ఆమె గడియారం చూసింది. నిమిషం గడిచింది. చెయ్యి వెళ్లి పిడిని పట్టుకుంది. అరచేతికి నున్నటి పిడి మాత్రమే తగిలింది. ఉదయం తనే చుట్టిన రెండు చుట్లు అప్పుడు గుర్తొచ్చాయి.

చెయ్యి తీసేసింది. పదకొండూ ఇరవై నాలుగుకి వాచ్‌మన్ ఫోన్ చేసేదాకా అక్కడే నిలబడి ఉంది.

*

ఇంజనీరు గారు పన్నెండూ నలభైకి వచ్చాడు. చొక్కా మోచేతుల దగ్గర తడిసిపోయి ఉంది. కూర్చోకుండానే రిజిస్టరు తిప్పి, నూట పద్నాలుగో వరస మీద వేలు పెట్టి ఇటునుంచి అటు లాగాడు.

“తీసుకున్నది మేస్త్రి. తిరిగి ఇచ్చింది మేస్త్రి. సంతకాలు, టైములు అన్నీ ఉన్నాయి. మీ వైపు క్లియరమ్మా.”

“సార్, నిచ్చెన తోడు…”

“ఏ తోడు?”

ఆయన రిజిస్టరు మూశాడు.

“తోడని రూల్సులో ఉందా? నేను పెట్టమన్నట్టు కాగితం ఉందా? వాడు నంబరు తీసుకోకుండా స్తంభం ఎక్కాడు. అంతవరకే మనకు తెలుసు. శుక్రవారం విచారణకి వస్తారు. ఎన్ని క్లియర్లు ఇచ్చారని అడుగుతారు. ఒకటి అంటారు మీరు. అదే నిజం కూడా, పుస్తకంలో ఒకటే ఉంది.”

“నాకు ఫోన్ చేశాడు సార్.”

“రోజుకి వంద ఫోన్లు వస్తాయి మీకు.” ఆయన గొంతు తగ్గించాడు. “చూడమ్మా. మీ ఆయన కంటికి ఆపరేషన్ అయిందన్నారు. మేస్త్రికి రిటైర్మెంటు ఏడాదిలో ఉంది. నాకూ పిల్లలున్నారు. మీరు నోరు జారితే ముగ్గురం రోడ్డున పడతాం. పోయినవాడు తిరిగొస్తాడా? సాయంత్రానికల్లా ఆస్పత్రిలో బాడీ క్లియర్ చేయిస్తున్నా. నా చేతనైంది నేను చేస్తున్నా.”

జీపు వెళ్లాక ఆమె టార్చి తీసి నేల మీద వంగింది. మూడో ప్యానెల్ కింద నాలుగు వేళ్ల సందు ఉంది. లోపల దుమ్ము, ఒక పెన్ను మూత, ఒక చచ్చిన బల్లి. వాటికి కాస్త ఇవతల బ్యాండు. తెగి, రెండు కొసలూ చీమ మీసాల్లా వంకర తిరిగి ఉంది. వేలితో లాగితే సాగలేదు, పగిలింది. పాతది. ఆ ఉదయం సొరుగులో ముందు చేతికందింది అది.

కళ్లజోడు పెట్టెలో, గుడ్డ కింద పెట్టుకుంది.

రెండింటికి మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరు వచ్చాడు. దారిలోనే విన్నాడు. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, మూడో ప్యానెల్ దగ్గరికి వెళ్లి పిడి వంక చూశాడు.

“తెగిందా?” అన్నాడు.

ఆమె తలూపింది.

“ఇకనుంచి ఒక్కొక్కళ్లకి రెండేసి చుడదాం వదినా. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది.”

ఆ చావు తర్వాత ఆ సబ్‌స్టేషన్లో వచ్చిన మార్పు అదొక్కటే. బుధవారం నుంచి మనిషికి రెండు బ్యాండ్లు చుట్టడం మొదలుపెట్టారు.

*

బుధవారం ఆమె షిఫ్టు దిగి నేరుగా కంటి ఆస్పత్రికి వెళ్లింది. భర్త వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. దర్జీ. ఎడమ కంటికి శుక్లం తీసి కట్టు కట్టి రెండు రోజులైంది. లోపల నర్సు కట్టు విప్పింది. డాక్టరు ఎదురుగా అక్షరాల అట్ట వెలిగించాడు.

“చదవండి.”

పై నుంచి నాలుగు వరసలు చదివాడు. ఐదో వరస దగ్గర ముందుకు వంగాడు.

“క్లియర్‌గా ఉందా, మసకా?”

“క్లియర్‌గానే ఉంది. చిన్నవి.”

“అంతే చాలు. ఆరు వారాలు సూదీ దారం ముట్టుకోకండి. మిషను అసలే వద్దు.”

ఇంటికొచ్చేదాకా అతను అన్నిటినీ చూస్తూ వచ్చాడు. షాపుల బోర్డులు పైకి చదివాడు. గుమ్మంలోకి రాగానే కుట్టు మిషను మీది గుడ్డ ఎత్తి చూసి, మళ్లీ కప్పాడు. ఆమె గ్లాసులో నీళ్లు పోసి ఇస్తుంటే ముఖంలోకి చూశాడు.

“నీ తల ఇంత నెరిసిందని ఎవరూ చెప్పలేదేం నాకు?”

ఆమె నవ్వలేదు.

“పేపర్లో పడింది. లైన్‌మన్ నిర్లక్ష్యం అని. పక్క బెడ్డాయన చదివి వినిపించాడు. మీ సబ్‌స్టేషనేనా?”

ఆమె చెప్పింది. ఫోను, బ్యాండు, పిడి, గంట. ఒక్కొక్కటే చెప్పింది. చెబుతున్నంతసేపూ కళ్లజోడు పెట్టె మూత తీస్తూ వేస్తూ ఉంది. అయిపోయాక అతను పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని, తెరిచి, గుడ్డ కింద ఉన్నదాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశాడు.

“ఎలాస్టిక్ ఇలాగే అవుతుంది,” అన్నాడు. “నడుముపట్టీలో వేసినప్పుడు కొత్తదిలాగే ఉంటుంది. లాగితే తెలుస్తుంది.”

“లాగి చూడలేదు.”

“ఎవరు చూస్తారు?” పెట్టె మూసి ఇచ్చాడు. “నోరు మూసుకో. నేను చెప్పేది మంచి మాట కాదని నాకూ తెలుసు. ఆరు వారాలు నేను ఒక్క గుండీ కూడా కుట్టలేను.”

“నిచ్చెన ఫోన్ చేసినప్పుడు వెనక వాళ్లావిడ గొంతు విన్నాను. క్యారేజీ మర్చిపోకు అంటోంది.”

అతను కుట్టు మిషను మీది గుడ్డ అంచు సర్దాడు.

*

గురువారం పన్నెండింటికి గేటు దగ్గర ఒకామె నిలబడింది. ప్లాస్టిక్ సంచీ గుండెకు ఆనించి పట్టుకుంది. కాపలా మనిషి వెళ్లమంటున్నాడు, ఆమె వెళ్లడం లేదు. ఆపరేటరమ్మ బయటికొచ్చింది.

“ఆపరేటరమ్మంటే మీరేనా అక్కా? నిచ్చెన మా ఆయనే.”

అదే గొంతు. ఆపరేటరమ్మ గేటు తీయించింది. కంట్రోల్ రూములో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని ప్యానెళ్ల వంక చూసింది.

“ఒక్క మాట అడగడానికొచ్చాను. ఎవర్నడిగినా విసుక్కుంటున్నారు.” సంచీలోంచి కాగితం తీసింది. మడతలు విప్పి, బల్ల మీద అరచేత్తో సాపు చేసింది. “ఇందులో ‘లైన్ క్లియర్ లేకుండా స్తంభం ఎక్కినందున’ అని ఉంది. అందుకని మాకు రావాల్సినవేవీ రావంట. నాకు ఉద్యోగం ఇవ్వడం కుదరదంట. లైన్ క్లియర్ అంటే ఏంటక్కా?”

ఆపరేటరమ్మ కాగితం చదివింది. పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

“మూడు రోజుల్నుంచి అదొక్కటే మాట వింటున్నాను,” అంది ఆమె. “ఆస్పత్రిలో బాడీ క్లియరైంది తీసుకెళ్లండన్నారు. ఇంటి ముందు జనముంటే పోలీసాయన క్లియర్, క్లియర్ అని తరిమాడు. సొసైటీలో ఆయన పేర అప్పుంటే అది క్లియర్ చేశాకే కాగితాలు ఇస్తామన్నారు. మా పాప పోయిన నెల ఏదో పరీక్ష క్లియరైందని ఆయన మిఠాయి తెచ్చాడు. అన్నీ ఇదే మాట. ఆయన దగ్గర లేనిది మాత్రం ఏ క్లియరో నాకు అర్థం కావట్లేదు. కాగితమా? కార్డా? ఇంట్లో పెట్టె అంతా వెతికాను.”

“కాగితం కాదమ్మా.”

ఆపరేటరమ్మ లేచింది. ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడో ప్యానెల్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

“ఇది ఆ లైను. ఈ ఎర్ర దీపం వెలుగుతోంది కదా, అంటే ఇప్పుడు కరెంటు ఉంది.”

“ఎరుపంటే ఆపినట్టు కాదా?”

“ఇక్కడ కాదు. ఇక్కడ ఎరుపంటే ముట్టుకోకూడదని. పని చేసేవాడు ఫోన్ చేసి అడిగితే ఇది ఆపేస్తాం. ఆపి, నువ్వు దిగి నీ నోటితో చెప్పేదాకా మళ్లీ వేయను అని మాటిస్తాం. ఆ మాటే లైన్ క్లియర్. దానికొక నంబరు ఉంటుంది.”

“ఎవరిస్తారు ఆ మాట?”

“షిఫ్టులో ఎవరుంటే వాళ్లు.”

“మంగళవారం ఎవరున్నారు?”

“నేనే.”

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

“నా ముందరే ఫోన్ చేశాడక్కా మీకు. క్యారేజీ సంగతి నేను అరుస్తూనే ఉన్నాను. ‘తోడు పెట్టు’ అన్నాడు. ‘నువ్వున్నావుగా’ అన్నాడు. ఎవరితో సరసాలంటే, ఆపరేటరక్కతో, నా ప్రాణం ఆవిడ చేతిలోనే అని నవ్వాడు. తోడంటే ఏంటి?”

ఫోను మోగింది. ఆపరేటరమ్మ వెళ్లి ఎత్తింది. ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు, ఓల్టేజీ తక్కువుందని. మామూలుగా పది సెకన్లలో పెట్టేసే ఫోన్ని ఆమె మూడు నిమిషాలు మాట్లాడింది. పెట్టి వెనక్కి తిరిగేసరికి నిచ్చెన భార్య కాగితం మడత పెడుతోంది.

“తోడు అంటే…” అంది ఆపరేటరమ్మ. “నాకు తెలీదమ్మా. ఏదో మాటవరసకి అనుంటాడు.”

ఆమె ఆపరేటరమ్మ ముఖంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. “మీకూ తెలీదా?” అంది. సంచీ తీసుకుని గేటు దాకా నడిచి, వెనక్కొచ్చింది.

“రేపు విచారణకి నన్నూ రమ్మన్నారు. నన్నడిగితే ఏం చెప్పాలక్కా?”

“నువ్వు విన్నది చెప్పు.”

“తోడు అనే చెప్పనా?”

ఆపరేటరమ్మ గేటు కడ్డీ పట్టుకుని నిలబడింది. జవాబు రాకపోయేసరికి ఆమె వెళ్లిపోయింది.

*

శుక్రవారం పదిన్నరకి విచారణ ఆఫీసరు వచ్చాడు. పక్క జిల్లా మనిషి. తెల్ల మీసాలు, చేతిలో గుడ్డ సంచీ, జేబులో సొంత ఇంకు పెన్ను. కంట్రోల్ రూములోనే బల్ల ఖాళీ చేయించి కూర్చున్నాడు. ఇంజనీరు గారు ఆయన పక్కన, కాస్త వెనగ్గా, రెండో కుర్చీలో. నిచ్చెన భార్య వరండాలో బెంచీ మీద.

ముందు మేస్త్రిని పిలిచారు. నంబరు తీసుకున్నాడా, తీసుకున్నాడు. తిరిగి ఇచ్చాడా, ఇచ్చాడు. నిచ్చెన లైను మీద ఉన్న సంగతి తెలుసా, తెలీదు. అన్నీ నిజాలే.

“మీ అనుభవంలో ఇలా నంబరు లేకుండా ఎక్కేవాళ్లు ఉన్నారా?” అన్నాడు ఆఫీసరు.

మేస్త్రి ఇంజనీరు గారి బూట్ల వంక చూశాడు. “ఎక్కకూడదండీ,” అన్నాడు.

“అది కాదు నేనడిగింది.”

“ఎక్కకూడదండీ,” అన్నాడు మళ్లీ.

ఆయన్ని పంపించి ఆపరేటరమ్మను పిలిచారు. ఆమెకి కుర్చీ లేదు, నిలబడింది. ఆఫీసరు రిజిస్టరు తిప్పి మంగళవారం పేజీ దగ్గర ఆగాడు. చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడు. టైములు పైకి చదివి అవునా అన్నాడు. అవునంది.

“ఆ రోజు మూడో ఫీడర్ మీద మీరు ఎన్ని లైన్ క్లియర్లు ఇచ్చారు?”

వరండాలో బెంచీ కిర్రుమంది. ఆపరేటరమ్మ కళ్లజోడు పెట్టె తీసింది. కళ్లజోడు పెట్టుకోవడానికేమో అనుకుని ఆఫీసరు ఆగాడు.

“రెండు సార్,” అంది.

ఇంజనీరు గారు కుర్చీలో కదిలాడు. “టెన్షన్లో ఉన్నారు సార్. రిజిస్టరు క్లియర్‌గా ఉంది, ఒకటే…”

“ఆవిడ చెప్పాక మీరు చెబుదురుగాని.” ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. “రెండోది ఏది?”

ఆమె గుడ్డ కిందనుంచి తెగిన బ్యాండు తీసి బల్ల మీద, రిజిస్టరు పక్కన పెట్టింది. ఆఫీసరు దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. అది ఏమిటో ఆయనకి తెలియలేదు.

“ఇదే సార్ రెండోది.”

“చూడమ్మా, నాకు అర్థమయ్యేలా చెప్పండి.”

ఆమె చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, ప్యానెళ్ల వైపు నడిచింది. ఐదో నంబరు ప్యానెల్ దగ్గర పచ్చ దీపం వెలుగుతోంది. పిడికి ఎర్ర అట్ట వేలాడుతోంది. అట్ట పక్కన, పిడి మెడకి, రెండు రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. ఆ ఉదయం తొమ్మిదింటికి ఆమే చుట్టింది.

“ఐదో నంబరు ఇప్పుడు ఆపి ఉంది సార్. రిజిస్టరులో చూడండి, ఎంతమంది ఉన్నారో.”

ఆఫీసరు పేజీలు తిప్పాడు. “నూట ఇరవై. ఒకడు.”

“లైను మీద ఇద్దరున్నారు సార్. రెండోవాడు స్కూలు వెనక స్తంభం మీద ఉన్నాడు. అతనికివే.” బ్యాండ్ల మీద వేలు పెట్టింది. “మంగళవారం దాకా ఒకటే చుట్టేవాళ్లం.”

మీటర్ల గుయ్యిమనే చప్పుడు వినిపిస్తోంది. ఆఫీసరు లేచి ప్యానెల్ దగ్గరికొచ్చాడు. వంగి, బ్యాండ్లను ముట్టుకోకుండా చూశాడు. సర్వీసులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి.

“ఆ స్కూలు దగ్గరున్నతని ఫోన్ నంబరు ఉందా?”

ఉంది. ఆమె కలిపి స్పీకర్లో పెట్టింది.

“ఏం అక్కా?” అవతల గాలి చప్పుడు. “ఇంకో పావుగంట పడుతుంది. అప్పుడే తీసేశావా ఏంటి నా బ్యాండ్లు?” నవ్వాడు.

“ఎక్కడున్నావు?”

“ఎక్కడుంటా, పైనున్నా. ఒక్క చేత్తో మాట్లాడుతున్నా, తొందరగా చెప్పు.”

“దిగు,” అంది. “దిగి, నేల మీద నిలబడి ఫోన్ చెయ్యి.”

ఆరు నిమిషాలకి అతను చేశాడు. అప్పటిదాకా ఆఫీసరు కూర్చోలేదు. ఫోన్ పెట్టాక ఆమె ఒక్కో బ్యాండూ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని ఏం చేయాలో తెలీక కాసేపు పట్టుకుని, బల్ల మీద తెగినదాని పక్కన పెట్టాడు.

“ఇది ఎవరు పెట్టమన్నారు?”

“నోటిమాట సార్. ఒక్క నంబరే వేయమన్నారు. బ్యాండు చుట్టడం మాది.”

ఇంజనీరు గారు లేచాడు. “నేనెప్పుడూ అలా…”

“కూర్చోండి,” అన్నాడు ఆఫీసరు. ఆమె వైపు తిరిగాడు. “అతను ఫోన్ చేశాడు. మీరు ఒప్పుకున్నారు. తర్వాత, అతను దిగకుండానే వేశారు. అంతేనా? ఇది రాసిచ్చాక దీని ఫలితమేంటో తెలుసుగా మీకు?”

“తెలుసు సార్.”

“నిన్నటిదాకా ఎందుకు చెప్పలేదు?”

ఆమె జవాబు చెప్పలేదు. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు. తెల్లకాగితం ఆమె ముందుకి తోసి, తన పెన్ను ఇచ్చాడు. “క్లియర్‌గా రాయండి. కొట్టివేతలుండకూడదు.” తన కుర్చీ ఇచ్చాడు.

ఆమె కూర్చుని రాసింది. మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. పెన్ను కాగితం మీదనుంచి ఎత్తి, వరండాలోకి వెళ్లింది. నిచ్చెన భార్య లేచి నిలబడింది.

“మీ ఆయన అసలు పేరు చెప్పమ్మా.”

“మీకు తెలీదా?”

“ఎప్పుడూ రాయలేదు.”

ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆపరేటరమ్మ ఒకసారి తిరిగి చెప్పింది, నంబరు అప్పజెప్పినట్టు. లోపలికి వెళ్లబోతుంటే వెనకనుంచి అడిగింది ఆమె.

“తోడంటే ఏంటక్కా?”

“నీ మొగుడికి నేనిచ్చిన మాట,” అంది ఆపరేటరమ్మ. “లోపల రాస్తున్నాను. ఆయన చదివి వినిపిస్తాడు. విను.”

వాంగ్మూలం పేజీన్నర వచ్చింది. సంతకం పెట్టాక ఆమె రిజిస్టరు తన వైపు లాక్కుని, ఇందులోనూ రాయనా అంది. ఆఫీసరు ఆలోచించాడు. ఈ రోజు తేదీ వేసి, ఆలస్యంగా నమోదు చేస్తున్నట్టు పక్కన రాయమన్నాడు. ఆమె స్కేలు పెట్టి గీత గీసింది. గడులు నింపుకుంటూ వెళ్లింది. చివరి గడి దగ్గర పెన్ను ఆపింది. ఆఫీసరు భుజం మీదుగా చూస్తున్నాడు.

“అది?”

“ఇవ్వలేదు సార్.”

విచారణ వల్ల ఆమె రెండింటికి షిఫ్టు అప్పజెప్పలేదు. నాలుగూ పదికి సస్పెన్షన్ ఉత్తర్వులు రెండు వచ్చాయి. ఒకటి ఇంజనీరు గారి పేర, ఒకటి ఆపరేటరమ్మ పేర. ఆమె తాళాల గుత్తి, టార్చి, సొరుగు తాళంచెవి మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరుకి అప్పజెప్పి సంతకం తీసుకుంది. నిచ్చెన భార్యకు పంపిన కాగితాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు అప్పటికి ఉత్తర్వు రాలేదు. రిజిస్టరును గుడ్డలో చుట్టి, లక్క వేసి, ఆఫీసరు తనతో తీసుకెళ్లాడు.

అందులో చివరి వరస నూట ఇరవై ఒకటో నంబరు. ఫీడర్, మూడు. లైన్ క్లియర్ తీసుకున్న వ్యక్తి పేరు, పూర్తిగా. తీసుకున్న సమయం, మంగళవారం ఉదయం తొమ్మిదీ యాభై. పని స్థలం, పాల డిపో వెనక. తిరిగి ఇచ్చిన సమయం గడి ఖాళీగా ఉంది.